రైలు రాని ఊళ్ళో ఫస్ట్ క్లాసు పెట్టె

చదువు అప్పుడే పూర్తయి, ఇంకా ఎవరూ ఉద్యోగం ఇవ్వని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు సొంత ఆఫీసు పెట్టుకుని కూడా ఒక మెట్లగది గీయాలంటే ముగ్గురిని అడుగుతున్నాను గానీ, విజయవాడలో ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకుని నరసరావుపేట బస్టాండులో దిగిన రోజున మాత్రం, ఆ బస్టాండును అసలు ఎలా కట్టి ఉండాల్సిందో బస్సు మెట్టు మీదే నిలబడి మా నాన్నకు వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "సూట్‌కేసు పట్టుకో, ఆటో పోతంది" అన్నారు. అప్పట్లో నా నోట్లో రోజంతా నానే మాట 'అథెంటిక్'. ఇల్లు అథెంటిక్‌గా ఉండాలి, గుమ్మం అథెంటిక్‌గా ఉండాలి. ఓసారి మా అమ్మ మిక్సీలో చేసిన కొబ్బరి పచ్చడి అథెంటిక్ కాదన్నాను. ఆ పూట నాకు పచ్చడే కాదు, కూర కూడా దక్కలేదు.

ఈ పిచ్చికి మూలం నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు. తోటివాళ్ళంతా విమానాశ్రయాలూ ఐటీ పార్కులూ గీస్తుంటే, నాకు 'ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెల నిర్మాణం' అనే అంశం వచ్చింది. (క్లాసుకు ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకు మిగిలిన అంశం అది.) మొదట ఏడ్చాను. తర్వాత చెన్నైలో రైల్వే మ్యూజియానికి వెళ్ళి ఒక పాత పెట్టెను చూశాక ప్రేమలో పడ్డాను. అడుగున ఇనుప చట్రం, దాని మీద ఎముకల గూడులా నిలబెట్టిన టేకు నిట్టాళ్ళు, వాటి మీద అద్దంలా మెరిసే టేకు పలకలు. పక్క గోడలు నిలువుగా ఉండవు, పొట్ట దగ్గర కాస్త ఉబ్బి కిందికొచ్చేసరికి లోపలికి వంగుతాయి. కప్పు మధ్యలో ఇంకో చిన్న కప్పు లేచి ఉంటుంది, దాని పక్కల వెలుతురు కోసం, గాలి కోసం వరసగా బుల్లి అద్దాలు. అంత పొడవు పెట్టె నడుము జారిపోకుండా కింద, విల్లుకు తాడు బిగించినట్టు, ఇనుప కడ్డీలు లాగి కట్టి ఉంటాయి. ఆ కడ్డీలు చూడటానికి నేను పెట్టె కిందికి దూరితే, కాపలాదారు వచ్చి కాళ్ళు పట్టి బయటికి లాగాడు. ఇంత జ్ఞానం సంపాదించి ఇంటికొస్తే అడిగేవాడు లేడు. ఇరుగుపొరుగు ఆరా తీస్తే మా అమ్మ, "రైళ్ళ మీద చదివిందంట" అని చెప్పేది. రైలెక్కి చదివానని వాళ్ళు అనుకునేవాళ్ళు.

అడిగే మహానుభావుడు చిలకలూరిపేట నుంచి వచ్చాడు. మా అమ్మకు అన్న, నాకు మేనమామ. జిన్నింగు మిల్లు ఉంది గనక మేమంతా మిల్లు మామయ్య అంటాం. ఆయనకు ఓ తోడల్లుడు ఉన్నాడు. ఇద్దరూ అప్పటికి చాలా ఏళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఏదో పెళ్ళిలో మామయ్య వడ్డన పెత్తనం చేస్తూ ఆ తోడల్లుణ్ణి మొదటి బంతిలోంచి లేపి రెండో బంతిలో కూర్చోబెట్టాడట. అంతకంటే పెద్ద కారణం ఉందేమోనని నేను చాలా కాలం వాకబు చేశాను. లేదు. అంతే. ఆ తోడల్లుడు ఎడ్లపాడు వైపు హైవే పక్కన రేకులతో నిజం విమానమంత విమానం కట్టించి, దాని కడుపులో హోటల్ పెట్టాడు. రెక్క మీద నిలబడి ఫోటో దిగడానికి జనం గుంటూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు. (ఆయన అప్పటినుంచీ మాకు విమానం మామయ్య అయ్యాడు.) మిల్లు మామయ్యకు నిద్ర పట్టడం మానేసింది. ఓ పొద్దున్నే మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే విషయానికొచ్చాడు.

"ఏమే, నువ్వు రైలు పెట్టెలు కడతావంటగా?"

"కట్టను మామయ్యా. వాటి గురించి చదివాను."

"చదివినదానివి కట్టలేవా? మరెందుకు చదివినట్టు?"

మామయ్య చెప్పుకుపోయాడు. హైవే పక్కన మిల్లు ముందు స్థలం ఖాళీగా ఉంది. అందులో రైలు పెట్టె కట్టి హోటల్ పెడతాడు. ఇప్పటి నీలంరంగు పెట్టె కాదు, దొరల కాలం నాటిది. వాళ్ళ తాత మద్రాసు కోర్టు వాయిదాకు అలాంటి ఎక్స్‌ప్రెస్‌లో ఫస్ట్ క్లాసులో పోయాడట. (తాత థర్డ్ క్లాసులో పోయాడనీ, అది కూడా బల్ల కింద పడుకుని పోయాడనీ మా అమ్మ తర్వాత చెప్పింది.)

"చిలకలూరిపేటకు రైలే లేదు కదా మామయ్యా."

"అందుకేగా. వాడి ఊళ్ళో విమానం దిగుద్దా ఏంది? పేటకు మొట్టమొదటి రైలు నేను తెప్పించాననాల జనం. కాకపోతే అసలుదాన్లాగే ఉండాల. ఒక్క మేకు తేడా ఉండగూడదు."

ఒక్క మేకు తేడా ఉండకూడదు. ఏ మగవాడూ నాతో అప్పటివరకు అంత మధురమైన మాట అనలేదు.

పని మొదలైంది. పెట్టె ఎముకల గూడు కట్టడానికి నరసరావుపేట నుంచి ఉస్తాద్ వచ్చాడు. ఉస్తాద్ అంటే వడ్రంగి పనిలో చుట్టుపక్కల పేరు మోసిన సాయిబు గారు. ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకు ఆకాశమంత ప్రభలకు చట్రాలు కట్టేది ఆయనే. ఆ అలవాటుకొద్దీ రైలు పెట్టె నెత్తిన కూడా రంగురంగుల బల్బులు పెడదామని చివరిదాకా నన్ను బతిమాలుతూనే ఉన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఉస్తాద్‌కు ఉన్న గర్వమంతా తలుపుల మీద. "నేను బిగించిన తలుపు మూస్తే అమ్మా, దోమ కూడా బైటే ఆగిపోద్ది" అనేవాడు. తాను చేసిన తలుపులు తెరవడానికి ఇంటివాళ్ళు ఇద్దరిద్దరు కావాల్సి వచ్చేదన్న సంగతి అందులోనే కలిపి చెప్పేవాడు, అదో సుగుణంలాగా.

పక్క గోడలు వంపు తిరుగుతుంటే మామయ్య కంగారుపడ్డాడు. "గోడ వంకర పోయిందేందే?" అన్నాడు. వంకర కాదు, అది పెట్టె అందమని అరగంట చెప్పాను. కప్పు మీద పలకలు పరిచి, వాటి మీద మందపాటి నూలు గుడ్డ లాగి కట్టి, తెల్ల రంగు పట్టించాలని చెబితే మొదట నవ్వాడు. రైలు నెత్తిన గుడ్డ కప్పడమేందన్నాడు. ఆ కాలంలో వాన దిగకుండా అలాగే చేసేవాళ్ళని బొమ్మ చూపించాక, "గుడ్డంటే పత్తేగా, మనదేగా" అని మురిసిపోయి, నాలుగు పెట్టెలకు సరిపడా గుడ్డ తెప్పించాడు. చక్రాలు సిమెంటుతో పోయించి నల్ల రంగు కొట్టాం. ఏసీ పెడతానన్నాడు, వద్దన్నాను. ఎండాకాలంలో దొరలు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకునేవాళ్ళని చెప్పాను. "చిలకలూరిపేట ఎండలో ఆ దొరని ఓ పూట కూర్చోబెట్టాల" అని గొణుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు. నా మాట మీద అంత గురి. తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

అసలు తిప్పలు తలుపులతో వచ్చాయి. నేను నమూనాగా తీసుకున్నది ఇంగ్లండులో గీసిన ఓ పాత బొమ్మ. అందులో పెట్టె లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచే దారి లేదు. గదికి గది వేరు, మధ్య నిండు గోడ, ప్రతి గదికీ బయటికి తెరుచుకునే తలుపు. ఆ తలుపుకు లోపలివైపు పిడి ఉండదు. దిగదలచినవాడు తలుపులోని కిటికీ అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి పిడి తిప్పుకోవాలి. అద్దం చట్రానికి ఓ తోలు పట్టీ ఉంటుంది. పట్టీ వదిలితే చట్రం జారి తలుపు పొట్టలోకి దిగిపోతుంది. ఇదంతా నేను అక్షరాలా దింపించాను. నాలుగు గదులు, ఫస్టు, సెకండు, ఇంటరు, థర్డు. తలుపులు రోడ్డు వైపు మాత్రమే, రెండో వైపు మిల్లు గోడ ఉంది గనక ఉత్త పలకలే. ఫస్ట్ క్లాసులో ఉండాల్సిన మరుగుదొడ్డి మాత్రం మామయ్య పడనివ్వలేదు. అన్నం తినేచోట అదేం పాడు పని అన్నాడు. బాధతో దాని తలుపునైనా నిలబెట్టుకున్నాను. వెనక గది లేకుండా, ఇత్తడి అక్షరాలతో సహా.

ప్రారంభానికి ముందు రోజు భోజనం వడ్డించే పద్ధతి పరీక్షించాం. థర్డ్ క్లాసులో పప్పు పోసిన కుర్రవాడు ఇంటర్ క్లాసుకు ఎలా వెళ్ళాలో తెలియక గోడ వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"పక్క గదిలోకి ఎట్టా పోవాలే?" అన్నాడు మామయ్య.

"దిగి, మళ్ళీ ఎక్కాలి మామయ్యా. లేకపోతే బయట పొడుగునా మెట్టుపలక ఉంది కదా, దాని మీద నడిచిపోవాలి. అప్పట్లో టిక్కెట్లు చూసేవాళ్ళు అలాగే పోయేవాళ్ళు, రైలు కదులుతుండగానే."

"వాళ్ళ చేతిలో టిక్కెట్లు ఉండాయి. వీడి చేతిలో సాంబారు బకెట్టు ఉండాది. మరి అప్పట్లో దొరకి అన్నం ఎవుడు పెట్టేవాడు?"

"పెద్ద స్టేషన్‌లో ఆగినప్పుడు బేరర్ తెచ్చి అందించేవాడు."

మామయ్య కాసేపు పెట్టె వైపూ, సిమెంటు చక్రాల వైపూ చూశాడు. "మరి మన పెట్టె ఏ స్టేషన్‌లో ఆగుద్దే?" అన్నాడు, ఏ కోపమూ లేకుండా. ఇది అథెంటిక్ మామయ్యా అన్నాను. ఆయనకు ఆ మాటంటే అప్పటికే భయం పట్టుకుంది. కుర్రవాళ్ళు ఆ సాయంత్రమంతా సాంబారు బకెట్లతో మెట్టుపలక మీద అడ్డంగా నడవడం సాధన చేశారు.

మర్నాడు శ్రావణ శుక్రవారం. తెల్లవారుజాము నుంచి వాన. మామయ్య చౌకగా దొరికిందని కొన్న టేకు ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని మీద మెరుపు చాలలేదని నేను ముందు రోజే ఇంకో వరస వార్నిష్ వేయించాను. దానికితోడు ఉస్తాద్ బిగింపు. ముగ్గురం కలిసి ఏం తయారుచేశామో అప్పటికి ముగ్గురికీ తెలియదు. వాన తెరిపివ్వగానే ముఖ్య అతిథి వచ్చాడు. ప్రజానాయకుడు. (ఏ పార్టీ అని అడక్కండి, ఆ వారంలో ఆయనకే స్పష్టత లేదు.) ఆయన వెంట వచ్చిన జనాన్ని థర్డ్ క్లాసులో కూర్చోమంటే ఒక్కరూ కదల్లేదు. అదే బిరియాని, అదే కూర, అది కూడా ఊరికే. అయినా థర్డ్ అన్న మాట తలుపు మీద కనిపిస్తుంటే ఎక్కడానికి ఎవరికీ కాలు రాలేదు. చివరికి ఉస్తాద్ రంగు డబ్బా తెచ్చి ఆ అక్షరాల మీద 'ఫస్టు - 2' అని రాశాక తోసుకుంటూ ఎక్కారు. నా థర్డ్ క్లాసు అలా పుట్టిన రోజే పోయింది.

విమానం మామయ్యను మామయ్య పిలవలేదు. నాయకుడే వెంటబెట్టుకొచ్చాడు, వచ్చే ఎన్నికలకు ఇద్దరు తోడల్లుళ్ళూ కావాలి గనక. నాయకుడు రిబ్బను కత్తిరించి, ఆ కత్తెరను గుర్తుగా జేబులో వేసుకుని, ఫస్ట్ క్లాసు గదిలోకి ఎక్కాడు. వెనకే విమానం మామయ్య, ఆయన వెనక విశేషాలు వివరించడానికి పట్టుచీరలో నేను. మామయ్య కింద నిలబడి, రైలు బయలుదేరేటప్పుడు గార్డు వేసినట్టు, ప్రెస్ వాళ్ళ కెమెరాల ముందు తలుపును ధడాలున వేశాడు. ఎంత చక్కగా పడిందంటే ఉస్తాద్ బయట "శభాష్" అనడం మాకు లోపలికి వినిపించింది.

నేను పక్క గోడల వంపు గురించి మొదలుపెట్టి కప్పు గురించిన భాగంలోకి వచ్చేసరికి కరెంటు పోయింది. ఇత్తడి పంజరంలో తిరుగుతున్న బుల్లి ఫ్యాను ఆగిపోయింది. నాయకుడు చెమట తుడుచుకుని, "చానా బాగా చెప్పావమ్మా, ఇంక దిగుదాం" అన్నాడు. నేను ఠీవిగా తోలు పట్టీ వదిలాను. జారాల్సిన అద్దం జారలేదు. పట్టీ పట్టుకుని ఊగాను. కదల్లేదు. బయటి నుంచి పిడి తిప్పమని సైగ చేస్తే, నాయకుడి అనుచరుడు ఒకడు భక్తికొద్దీ బలంగా లాగాడు. పిడి వాడి చేతిలోకి వచ్చేసింది. తలుపు మాత్రం వాననీళ్ళు తాగి, పచ్చి వార్నిష్‌తో చట్రానికి అంటుకుని, గోడలో గోడైపోయింది.

"గునపం తెండి" అని బయట ఎవరో అన్నారు.

"గునపం పెడితే ఊరుకోను. అది టేకు" అన్నాడు మామయ్య గొంతు.

లోపల నాయకుడు కూడా వద్దంటూ చెయ్యి ఊపాడు. ఆయన బాధ వేరు. "పగలగొట్టి బైటికి లాగారనుకో, రేపు పేపర్లో ఆ బొమ్మే వేస్తారు. నెమ్మదిగా, మర్యాదగా దిగాల" అన్నాడు. విమానం మామయ్య మెత్తటి తోలు సీటులో వెనక్కి వాలి, చాలా ఏళ్ళుగా ఎదురుచూసిన సినిమా చూస్తున్నవాడిలా చిరునవ్వు నవ్వుతున్నాడు. కాసేపటికి నాయకుడు నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నాకు షుగరుంది. ఆ తలుపు బాత్రూందేగా?"

"అదీ... సార్, అది తలుపు వరకేనండి."

ఆయన నమ్మలేదు, వెళ్ళి తెరిచాడు. వెనక పలక, పలక మీద ఓ మేకు, మేకుకు ఉస్తాద్ తగిలించి మరిచిపోయిన చొక్కా. నాయకుడు ఆ చొక్కాను కాసేపు చూసి, తలుపును మళ్ళీ నెమ్మదిగా మూసి, నా వైపు తిరిగాడు. నన్ను జీవితంలో చాలామంది కోప్పడ్డారు. ఆ చూపులో కోపం లేదు. చదువుకున్న పిల్ల ఇలా అయిపోయిందేమిటన్న దిగులుంది.

ఆ చూపు తిన్నాకే నా బుర్ర పనిచేసింది. మ్యూజియంలో చూసిన పెట్టెల్లో అద్దం పగిలితే మార్చడానికి లోపలివైపు కిటికీ చుట్టూ సన్నటి చెక్కబద్దలు మరలతో బిగించి ఉంటాయి. మేమూ అలాగే పెట్టించాం. మరలు విప్పితే చట్రం మొత్తం లోపలికి ఊడి వస్తుంది. "సార్, ఆ కత్తెర ఇస్తారా?" అన్నాను. ఆయన జేబులోంచి వెండి కత్తెర తీసి ఇచ్చాడు. దాని మొనతో ఒక్కొక్క మర తిప్పుతుంటే, ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, "అన్నీ తియ్యాల్నా?" అని అడుగుతూ ఉన్నాడు. చివరికి చట్రం ఊడింది. గాలి వచ్చింది. సన్నటి మనిషి గనక నాయకుడు తల, భుజాలు బయటికి పెట్టి, విమానం మామయ్య వెనక నుంచి ఎత్తగా, నడుము దాకా కిటికీలోంచి వచ్చాడు. సరిగ్గా అక్కడ జనాన్ని చూశాడు, కెమెరాలను చూశాడు. ఎన్నేళ్ళ అనుభవమో, సగం లోపల సగం బయట వేలాడుతూనే చెయ్యి పైకెత్తి ఊపాడు. జనం ఇది కార్యక్రమంలో భాగమనుకుని జేజేలు కొట్టారు. ఆయన అందరికీ నమస్కారం పెడుతూ, పెదవులు కదపకుండా, కింద ఉన్న మామయ్యను, "మిల్లులో బాత్రూం ఎటు?" అని అడిగాడట.

విమానం మామయ్య మాత్రం ఆ కిటికీలో పట్టడు. ఆయన విస్తీర్ణం అలాంటిది. నేను పడతాను గానీ, పెట్టె గీసినదాన్ని, లోపల ప్రయాణికుణ్ణి వదిలి దిగిపోవడం ధర్మం కాదనిపించింది. (పట్టుచీరతో అంతమంది ముందు కిటికీలోంచి దిగే ధైర్యం లేకపోవడం కూడా ఒక కారణమే.) ఉస్తాద్ బయటి నుంచి తలుపు బందులు విప్పేశాడు. బందులు లేకపోయినా తలుపు వీసమెత్తు కదల్లేదు, తనంతట తాను నిలబడే ఉంది. ఉస్తాద్ విచారం నటించాడు గానీ మొహంలో మురిపెం దాగలేదు. నాయకుడు, జనం, కెమెరాలవాళ్ళు అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు మామయ్య మెట్టుపలక ఎక్కి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరికీ, చూడక తప్పనంత దూరమే మిగిలింది.

"గాలి ఆడతందా?" అన్నాడు మామయ్య, ఎటో చూస్తూ.

"ఆడతంది" అన్నాడు విమానం మామయ్య. పక్క గోడను చేత్తో నిమిరి, "గోడలు బాగా తీశారన్నయ్యా. ఆ వంపు బాగుంది" అన్నాడు.

"నీ విమానం కూడా... దూరం నుంచి బాగానే ఉండుద్ది."

"లోపల ఎండకి రేకులు కాలిపోతాయన్నయ్యా. జనం ఫోటోలు దిగి పోతారు గానీ తినరు. ఎవరికీ చెప్పమాక."

మామయ్య కిందికి దిగి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమోననుకున్నాను. తిరిగొచ్చేసరికి చేతిలో నిండుగా వడ్డించిన అరిటాకు, దాని కింద పళ్ళెం. కిటికీలోంచి అందించాడు. "ఇంతవరకు వచ్చినోళ్ళెవరికీ నా చేత్తో పెట్టలేదు. ఈ హోటల్లో మొదటి బంతి నీదే, తిను" అన్నాడు. విమానం మామయ్య ఆకు అందుకుని, చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. తర్వాత తిన్నాడు. తింటూ, "ఉప్పు తగ్గింది" అన్నాడు. మామయ్య ఉప్పు తెచ్చాడు. మజ్జిగ తెచ్చాడు. నాకు పెట్టాలని ఇద్దరికీ గుర్తు రాలేదు.

భోజనమయ్యాక విమానం మామయ్య తృప్తిగా లేచి, చెయ్యి కడుక్కోవడానికి కిటికీలోంచి వంగుతూ తలుపు మీద వాలాడు. ఉస్తాద్ పనితనానికి కూడా ఓ హద్దుంటుంది. తలుపు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, పెచ్చులా ఊడి, మామయ్యను పక్కకు నెట్టి, దాని మీద బోర్లా పడుకున్న విమానం మామయ్యతో సహా వానబురదలోకి జారి, మిల్లు గేటు దాకా వెళ్ళి ఆగింది. ఆ పెట్టె చరిత్రలో కదిలిన భాగం అదొక్కటే. మామయ్య పరుగెత్తాడు. "ఏమన్నా అయిందా?" అన్నాడు. "ఏం కాలేదన్నయ్యా" అన్నాడు ఈయన బురద తుడుచుకుంటూ. "నీకు కాదు, తలుపుకి" అన్నాడు మామయ్య. మామయ్య కూడా పక్కనే బురదలో చతికిలబడ్డాడు, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. తలుపుకు గీత కూడా పడలేదు.

మర్నాడు పేపర్లో నాయకుడు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న ఫోటో పెద్దదిగా వచ్చింది, 'వినూత్న ప్రారంభోత్సవం' అని. ఆ వారమంతా వచ్చినవాళ్ళు వచ్చినట్టు కిటికీలోంచే దిగుతామని పట్టుబట్టారు. హోటల్ కిటకిటలాడింది. నేను గర్వపడే లోపే మామయ్య ఉస్తాద్‌ను పిలిపించి, మధ్య గోడలన్నీ రంపంతో కోయించి దారి తీయించాడు, లోపల పిడులు పెట్టించాడు, ఏసీ కూడా బిగించాడు. నెత్తిన రంగుల బల్బులు వెలిగాయి. నేను వెళ్ళి ఏడ్చాను. "ఏడవమాకే. తినడానికొచ్చినోడికి కూర కావాల, చరిత్ర కాదు" అని మామయ్య ఓదార్చాడు. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి ఇంట్లోనూ మొట్టమొదట గీసింది మనిషి బయటికి ఎలా వస్తాడన్నదే.

మొన్నామధ్య ఒంగోలు పోతూ అక్కడ ఆగాను. మామయ్య ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నాడు, హోటల్ ఎవరికో లీజుకిచ్చాడు. టై కట్టుకున్న మేనేజరు, నేను గోడలను తేరిపార చూడటం గమనించి దగ్గరికొచ్చాడు. "నూరేళ్ళ నాటి అసలు పెట్టె మేడమ్. తెల్లదొరలు తిరిగింది. రైల్వే వేలంలో పాడుకొచ్చారు" అన్నాడు. ఓహో అన్నాను. అతనికి ఉత్సాహం వచ్చింది. "ఆ కిటికీ చూశారా, మరీ అంత వెడల్పు ఎందుకనుకున్నారు? అప్పట్లో దొరలు తలుపులోంచి దిగేవాళ్ళు కాదండి. నామోషీ. కిటికీలోంచే దిగేవాళ్ళు, కింద బంట్రోతు పట్టుకునేవాడు" అన్నాడు. ఇదెవరు చెప్పారని అడిగాను. "పుస్తకాల్లో ఉంది మేడమ్" అన్నాడు, కళ్ళు ఆర్పకుండా.

నరసరావుపేట బస్టాండులో దిగిన ఆ పిల్లే అయితే అతన్ని అక్కడే కూర్చోబెట్టి, నిట్టాళ్ళ దగ్గర మొదలుపెట్టి కప్పు మీది గుడ్డ దాకా చెప్పి, అన్నం చల్లారిపోయినా వదిలేది కాదు. అతని మొహం చూస్తుంటే, తనకు తెలియనిదంటూ లేదన్న ఆ ధీమా ఎక్కడో బాగా తెలిసినట్టే అనిపించి, ముద్దొచ్చింది. ఆ పిల్ల నాలోంచి ఎప్పుడు, ఏ స్టేషన్‌లో దిగిపోయిందో నేను గమనించనేలేదు. పోతూ పోతూ చెయ్యి ఊపిందో లేదో కూడా తెలియదు. "నిజమేనండీ, నేనూ ఎక్కడో చదివాను" అని చెప్పి, ఇంకాస్త పెరుగు వేయించుకున్నాను.